పెద్దల్లుడి కారుకి పెట్టించిన కొత్త మెదడు

ఏమప్పా, ముందు ఆ నవ్వులు ఆపండి. శ్రీకాళహస్తి పెళ్ళిలో నా కారు మొరాయించిందని విని వచ్చినట్టుండారు అందరూ. కారన్నాక ఎవరిదైనా మొరాయిస్తుంది, దాంట్లో ఏముంది? అది ఎందుకు మొరాయించిందో తెలిస్తే మీరు తాగే టీ ముక్కుల్లోంచి వస్తాది. వేరే వాళ్ళ నోట వినేదానికన్నా నా నోటనే వినండి. నేనే చెప్పుకుంటే పరువు కొంచెమన్నా మిగుల్తాదేమోనని ఆశ.

మా తోడల్లుడు దిలీప్ తెలుసు కదా? తెలీని వాళ్ళకి చెబుతున్నా, మా ఆవిడ సుగుణ చెల్లెలి మొగుడు. శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో ఇంజనీరు. చాలా మంచి మనిషి. నాకున్న కష్టమే అది. చెడ్డోడైతే హాయిగా తిట్టుకోవచ్చు. వీడు నన్ను చూడగానే 'అన్నా' అని లేచి నిలబడతాడు. మా మామకి బీపీ మాత్రలు తెచ్చిస్తాడు. పెళ్ళిళ్ళలో పంచె పైకి కట్టి సాంబారు బకెట్టు పట్టుకుంటాడు. యాడ తప్పు పట్టాలో తెలీక నాకు ఎన్ని రోజులు తిన్నది అరగలేదో!

ఇప్పుడు కార్ల సంగతి. నా వెండి రంగు కారు మీరందరూ చూసిందే. పాత జపాన్ కారు. బుల్లిది, కానీ ఇంజను గట్టిది. కార్ల పిచ్చి ఉన్న వాళ్ళు ఆ మోడలంటే పడి చస్తారు. బెల్లం మండీలో పగలంతా బస్తాల లెక్క చూసుకునే నాకు ఉన్న ఒకే ఒక సరదా అది. నేలకి ఆనేటంత కిందికి దించి, వెడల్పు చక్రాలు వేయించి, లావు సైలెన్సర్ పెట్టించి, చంటిపిల్లని సాకినట్టు సాకినాను. ఆ కారు చూసి దిలీప్ కూడా అదే మోడల్ కొన్నాడు. ఎరుపు రంగుది.

"అన్నా, నీ కారు చూసినాకే నాకు ఆశ పుట్టింది," అన్నాడు.

ఎంత పొంగిపోయినానో ఆ రోజు! నా వెనక నడిచే తమ్ముడు ఒకడు దొరికినాడని ఇంటికొచ్చి సుగుణకి రెండు సార్లు చెప్పినాను. అయితే వాడు వెనక నడవలేదు.

ఒక రోజు మా మామని ఎక్కించుకొని తిరుపతికి పోతున్నాను. మా మామది పూతలపట్టు, మామిడి తోటల రైతు. మనసులో ఏది అనుకుంటే అది నోట్లోంచి వచ్చేస్తాది ఆయనకి. చంద్రగిరి దాటినాక వెనక నుంచి 'జుయ్‌య్' అని ఒక శబ్దం. ఎర్ర కారు ఒకటి పక్కనుంచి రివ్వున పోయింది. గేరు మారినప్పుడు దాని సైలెన్సర్ 'పట పట పట' అని టపాకాయలు కాల్చింది. కిటికీలోంచి ఒక చెయ్యి బయటికొచ్చి మాకు టాటా చెప్పింది.

"దిలీప్ కదా అది!" మామ సీట్లో లేచి కూర్చున్నాడు. "అబ్బా, ఏం పోతా ఉండాడప్పా! అల్లుడూ, నీదీ వానిదీ ఒకటే కారు కదా? నీది ఏంటికి ఇట్ల నసుగుతా ఉండాది?"

నా అరికాలు యాక్సిలరేటర్ మీద నేలదాకా నొక్కి ఉంది. ఆ సంగతి మామకి ఎట్ల చెప్పాలి? "మీకు బీపీ కదా మామా, అందుకని మెల్లగా పోతున్నా," అన్నాను.

ఆ రాత్రి అన్నం సయించలేదు. మర్నాడు పరువు పక్కన పెట్టి దిలీప్‌కి ఫోన్ చేసి, ఏదో మాటల మధ్యలో అడిగినట్టు అడిగినాను. వాడు దాచలేదు, పాపం. కార్లో ఇంజనుకి ఒక చిన్న కంప్యూటర్ డబ్బా ఉంటాదంట. పెట్రోలు ఎంత పొయ్యాలి, నిప్పురవ్వ ఎప్పుడు ఎయ్యాలి, అన్నీ అదే చెబుతాదంట. కంపెనీ వాళ్ళు దాన్ని భయం భయంగా తయారుచేసి పంపిస్తారు. ఆ డబ్బా తీసేసి వేరేది పెట్టి, దానికి ల్యాప్‌టాప్ తగిలించి ట్యూనింగ్ చేసినారంటే, అదే ఇంజను వేరే ఇంజను అయిపోతాది.

"నీకూ చేయిస్తా రా అన్నా, మనకి తెలిసినాయనే," అన్నాడు.

చేయిస్తాడంట! నాకు! పెద్దల్లుడికి! "వద్దులేప్పా, నాకు మైలేజీ ముఖ్యం," అని ఫోన్ పెట్టేసినాను. కళ్ళల్లో నిప్పులు పోసుకున్నానని చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. పోసుకున్నా. గంపెడు పోసుకున్నా.

అంతటితో అయిపోయింటే బాగుండేది. ఇంతలో మా బామ్మర్ది హరికి పెళ్ళి కుదిరింది. అమ్మాయిది శ్రీకాళహస్తి. మా మామ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉండాది, పెళ్ళికొడుకుని మెరవణిలో, అదే ఊరేగింపులో, పెద్దల్లుడి కారులోనే కూర్చోబెట్టాలి, పెద్దల్లుడే నడపాలి. పూల కారు, ముందు బ్యాండు, పక్కన పెళ్ళికొడుకు, స్టీరింగు ముందు నేను! హరి పదో తరగతిలో ఉన్నప్పటినుంచీ ఆ రోజు కోసం కాచుకొని ఉన్నా. అట్లాంటిది మా మామ పెళ్ళి మాటల్లో ఏమన్నాడో చూడండి.

"మెరవణికి దిలీప్ కారు పెడితే జోరుగా ఉంటాది కదా? పెళ్ళికూతురు వాళ్ళు కూడా ఆ పటపటలు విని అదిరిపోతారు."

అందరూ తల ఊపినారు. సుగుణ కూడా ఊపింది! నా సొంత పెళ్ళాం!

"మామా, పెద్దల్లుడు ఇంకా బతికే ఉండాడు," అన్నాను. నవ్వుతానే అన్నా.

మామ ఇబ్బంది పడినాడు. "నువ్వు అట్ల అనుకోవద్దప్పా. సరే, మనం బయలుదేరే ముందు రోజు రెండు కార్లూ మా ఇంటి ముందర నిలబెట్టండి. ఏది బాగుంటే దాంట్లోనే పోతాడు మావాడు."

నా కారు బాగుండాలి. దిలీప్ కారు కన్నా బాగుండాలి. ఆ సంగతి దిలీప్‌కి గానీ వాడి మనుషులకి గానీ తెలీకూడదు. నాకు నిద్రలో కూడా అదే ధ్యాస.

దిలీప్ కారు వెనక అద్దం మీద ట్యూనింగ్ షెడ్డు వాళ్ళ స్టిక్కర్ ఒకటి ఉండాది. సుగుణని ఆ కారు పక్కన నిలబెట్టి, "చీర బాగుంది, ఒక ఫోటో తీస్తా," అని స్టిక్కర్‌ని ఫోటో తీసినాను. పాపం ఆమె ఆ రోజంతా మురిసిపోయింది. తర్వాత ఫోన్‌లో చూసుకొని, "నా తల యాడ పోయింది?" అని అడిగింది.

షెడ్డు తిరుపతిలోనే, కరకంబాడి రోడ్డులో. నడిపేది సెల్వం అని ఒక తమిళాయన. మన తెలుగు బాగానే మాట్లాడతాడు. నా కారు చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్ ఎత్తి చూసి, "వాంగ సార్, రండి, మీకు అదృష్టం ఉండాది," అన్నాడు. "సరిగ్గా మీ మోడలుకే ఒక డబ్బా ఉండాది నా కాడ. ఒక పార్టీ ఇంకా పెద్దది పెట్టుకొని దీన్ని విడిచిపెట్టినారు. ట్యూనింగ్ అంతా అయిపోయిన పీసు. ఎత్తి పెట్టేదే, కొంచెం సరిచేసేదే."

ఆ పార్టీ ఎవరని అడిగినానా? లేదు. నాకు కావాల్సింది టపాకాయలు. "పెట్టెయ్," అన్నాను.

సాయంత్రానికి పని అయిపోయింది. సెల్వం నా తాళం నా చేతిలో పెట్టి చెప్పినాడు. "మీ తాళమే వాడుకోండి సార్. దానికి తగ్గ ఏర్పాటు నేను చేసినా. స్టీరింగు కింద మాత్రం చెయ్యి పెట్టొద్దు." నేను ఆ సమయంలో ఏం చేస్తున్నానంటే, యాక్సిలరేటర్ తొక్కుతున్నా. వదుల్తున్నా. పట పట పట! మళ్ళీ తొక్కుతున్నా. పట పట పట! చెయ్యి పెట్టొద్దన్నది చెవిన పడింది. ఎందుకు పెట్టకూడదని అడిగే తీరిక నాకు లేదు.

ఇంట్లో ఏసీ బాగు చేయించినానని చెప్పినా. సుగుణ వాకిట్లో నిలబడి విని, "ఏసీ బాగు చేస్తే కారుకి దగ్గు వస్తాదా?" అని అడిగింది. ఆమెకి కార్ల గురించి ఏం తెలుసులే అనుకున్నాను.

పూతలపట్టులో మామ ఇంటి ముందర రెండు కార్లూ నిలబెట్టినాము. నేను ముందే స్టార్ట్ చేసి ఒక తూరి రేజ్ చేసినా. వాకిట్లో ఎండబెట్టిన వడియాల మీద కూర్చున్న కాకులన్నీ లేచిపోయినాయి. మామ కళ్ళు పెద్దవి చేసినాడు. "అల్లుడూ! ఏంది ఇది? నిన్నటిదాకా మేకపిల్ల మాదిరి ఉండేది కదా!" నా ఛాతీ బనీను పట్టనంత అయిపోయింది.

ఇప్పుడు దిలీప్ తన కారు రేజ్ చేస్తాడు, పోటీ మొదలవుతాదని నేను స్టీరింగు గట్టిగా పట్టుకొని చూస్తున్నా. వాడు తాళం కూడా తియ్యలేదు. "మెరవణికి అన్న కారే పెట్టండి మామా," అన్నాడు. "పెద్దోడు ఉండగా నేనెట్ల నడుపుతా? పైగా నేను ఈ మధ్యనే పెద్ద డబ్బా పెట్టించినా, నాది మెల్లగా పోనే పోదు ఇప్పుడు."

మామ సరేనన్నాడు. అయిపోయింది. నేను గెలిచినా! ఆ రాత్రి మూడు సార్లు పాయసం వేయించుకున్నాను.

పడుకున్నాక మొదలైంది అనుమానం. ఓడిపోయినోడు నవ్వుతాడా? అంత సులభంగా ఎవడన్నా వదులుకుంటాడా? నేనైతే వదులుకుంటానా? చచ్చినా వదులుకోను! మరి వాడు ఎందుకు వదులుకున్నాడు? ఏదో ఉండాది. పైగా ఆ సాయంత్రం షామియానా లారీ లోపలికి రావాలని అందరూ అరుస్తుంటే, నేను స్నానంలో ఉన్నానని నా తాళం తీసుకొని నా కారుని పక్కకి పెట్టింది దిలీపే. పెట్టి వచ్చి తాళం నా చేతికిస్తా ఏమన్నాడో తెలుసా? "అన్నా, ఈ సౌండు నాకు బాగా అలవాటైన సౌండు మాదిరి ఉండాదే." అని నవ్వినాడు. ఆ నవ్వు నాకు అప్పుడే నచ్చలేదు.

మర్నాడు అందరూ వ్యాన్లలో శ్రీకాళహస్తికి బయలుదేరినారు. మా కారులో నేనూ సుగుణా మాత్రమే. రేణిగుంటలో టీకి ఆగినాము. ఆమె పట్టుచీరలో ఉండాది, చెమట పట్టకూడదు కాబట్టి ఏసీ కోసం ఇంజను ఆపలేదు. టీ గ్లాసు ఇచ్చేసి లోపల కూర్చుంటుంటే ఫోన్ చేతిలోంచి జారి పెడళ్ళ కాడ పడింది. వంగి తీస్తున్నా. తల పైకెత్తితే స్టీరింగు కింద, తాళం దూర్చే గొట్టం పక్కన, ఒక నల్ల ముద్ద!

చింతగింజంత ఉంటాది. నల్ల టేపు చుట్టి, దాని మీద ఎర్ర దారం బిగించి కట్టింది. లాగినాను. ఊడి వచ్చింది. టేపు మీదనే నలిపి చూసినా, లోపల ఏదో గట్టిగా, పన్ను మాదిరి!

"సుగుణా," అన్నాను, "మీ చెల్లెలి మొగుడు నాకు చేతబడి చేసినాడు."

ఆమె నా చేతిలోని ముద్ద చూసింది. నన్ను చూసింది. "మీకేమన్నా పిచ్చా? దిలీప్ అట్లాంటోడా?"

"నిన్న కారు తీసింది వాడే కదా! ఓడిపోయి నవ్వింది వాడే కదా! సూడు, ఎర్ర దారం!"

"కారుకి సంబంధించింది ఏమో. ఆ మెకానిక్‌ని ఒక మాట అడగరాదా?"

"మెకానిక్‌కి చేతబడి గురించి ఏం తెలుస్తాది?" అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది గానీ, ఆ క్షణంలో అది చాలా తెలివైన మాట అనిపించింది. "ఏసీ బాగుచేసినాయనని అడిగితే ఏం లాభం?" అని కూడా కలిపినాను. మన అబద్ధం మనం మర్చిపోకూడదు కదా.

ఇంట్లో ఉంచుకోకూడదు, విప్పి చూడకూడదు, కూడలిలో పారెయ్యాలి. ఆ మాత్రం నాకు తెలుసు. ఏర్పేడు కాడ రోడ్లు చీలే చోట కారు పక్కకి తీసి, ఇంజను నడుస్తుండగానే దిగినాను. ముద్దని నా తల చుట్టూ తిప్పినా. కారు చుట్టూ కూడా తిప్పినా. తిప్పుతా తిప్పుతా, "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, తోడల్లుడి దిష్టి," అని పైకే అన్నాను. లారీ డ్రైవర్ ఒకడు టీ తాగడం ఆపి చూస్తా ఉండాడు. వెనక్కి తిరిగి, భుజం మీదుగా బలం కొద్దీ విసిరినాను. మూడు సార్లు ఉమ్మినాను. వెనక్కి చూడకుండా వచ్చి కారెక్కినాను. వెనక్కి చూస్తే పని చెయ్యదు కదా. అందుకని అది యాడ పడిందో నాకు ఇప్పటికీ తెలీదు.

అక్కడినుంచి కారు ఏం పోయిందప్పా! గాలిలో తేలినట్టే! "చూసినావా, భారం దిగిపోయింది! ఇంజనే చెబుతా ఉండాది!" అని సుగుణకి చెప్పినా. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తా, "ముందు మీరు రోడ్డు చూసి నడపండి," అంది.

శ్రీకాళహస్తిలో మగపెళ్ళివాళ్ళ విడిది ఒక లాడ్జి. నేను దాని ముందర కారు పెట్టి, స్టైలుగా ఇంజను ఆపినాను. పూలవాళ్ళు వచ్చి బంతిపూలు, చేమంతులు, మల్లెలు కట్టినారు. బానెట్ మీద పూలతో హరి పేరూ, అమ్మాయి పేరూ. నా వెండి కారు తేరు మాదిరి వెలిగిపోయింది. దిలీప్ నీళ్ళ బాటిళ్ళ పెట్టె మోస్తా అటుగా వచ్చి, "అదిరిపోయిందన్నా," అన్నాడు. నీ పప్పులు ఉడకలేదులే అని మనసులో అనుకొని, నవ్వినాను.

సందకాడ మెరవణి. రాహుకాలం రాక ముందే కదలాలని అయ్యవారు తొందరపెడతా ఉండాడు. బ్యాండు వాళ్ళు నిలబడినారు. డ్రమ్ములు మొదలైనాయి. పెళ్ళికూతురి తరపు వాళ్ళు హారతి పట్టుకొని ఎదురొచ్చినారు. హరి కోటు వేసుకొని, మెడలో గజమాలతో నా పక్కన కూర్చున్నాడు. మామ కిటికీలోంచి తల పెట్టి, "ఏదీ, ఒక తూరి ఆ టపాకాయలు వినిపించు అల్లుడూ," అన్నాడు.

తాళం తిప్పినాను.

కర్ర్ర్. కర్ర్ర్ర్. కర్ర్ర్ర్ర్.

అంతే. అంటుకోలేదు. మళ్ళీ తిప్పినా. కర్ర్ర్. మీటర్ల మధ్యలో తాళం బొమ్మ ఒకటి ఎర్రగా టిక్కు టిక్కుమని కొట్టుకుంటా ఉండాది. దాన్ని అంతకు ముందు నేను ఎప్పుడూ చూడలేదు.

"బావా," అన్నాడు హరి నోరు కదపకుండా, వీడియో తీస్తున్నారు కాబట్టి. "ఏమైంది బావా?"

"ఏం లేదు. ఇంజను చల్లబడింది."

"ఎండాకాలంలోనా?"

"నెట్టండప్పా!" అని ఎవరో అరిచినారు. వద్దనే లోపల పదిమంది వచ్చి కారు వెనక చేతులేసినారు. పూల కారుని నెడతా ఉండారు, నేను గేరులో వేసి క్లచ్ వదుల్తున్నా, కారు ఎగిరెగిరి పడతా ఉండాది, హరి మాల ముక్కుకి తగుల్తా ఉండాది. బ్యాండు వాళ్ళు ఎంత తెలివైన వాళ్ళంటే, కారు ఎగిరిన ప్రతిసారీ డ్రమ్ము 'ధన్' అని కొట్టినారు. వీధిలో వాళ్ళు ఇది చిత్తూరు వైపు ఆచారం అనుకొని చప్పట్లు కొట్టినారు. ఇంజను మాత్రం ఊఁ అనలేదు.

అయ్యవారు గడియారం చూస్తా ఉండాడు. మామ మొహం చూడలేకపోయినా. "అల్లుడూ, దిలీప్ కారు పెట్టుంటే పోయేది కదప్పా," అన్నాడు. ఆ పూలన్నీ విప్పి వేరే కారుకి కట్టే సమయం లేదు. హరి దిగి నడిస్తే అపశకునం. ఇన్నేళ్ళు కాచుకున్న మెరవణి నా చేతుల్లోనే చచ్చిపోతా ఉండాదప్పా!

అప్పుడు వచ్చినాడు దిలీప్. చేతులు తుడుచుకుంటా, తొందర లేకుండా. లోపలికి వంగి, ఎర్రగా కొట్టుకుంటున్న బొమ్మ చూసినాడు. స్టీరింగు కింద చెయ్యి పెట్టి తడిమినాడు.

"అన్నా, సెల్వం ఈడ చిప్పు కట్టింటాడే. నల్ల టేపు చుట్టి. అది యాడ?"

"చిప్పా?"

"ప్రతి తాళంలో ఒక చిప్పు ఉంటాది కదన్నా, దొంగలు ఎత్తుకుపోకుండా. డబ్బా ఆ చిప్పుని గుర్తుపడితేనే స్టార్ట్ అవుతాది. వేరే కారు డబ్బా పెట్టినప్పుడు, దాని తాళంలోని చిప్పు పీకి ఈడ కట్టేస్తారు. నువ్వు నీ తాళం తిప్పినా, అది తన తాళమే అనుకుంటాది. నడిచే బండిని ఆపదు, మళ్ళీ స్టార్ట్ చేసేటప్పుడే అడుగుతాది. యాడ పడిపోయిందది?"

వెనకనుంచి సుగుణ గొంతు. ఆమె గొంతు ఎట్లాంటిదో మీకు తెలుసు, బ్యాండు ఉన్నా వినిపిస్తాది.

"పడిపోలేదు. దిష్టి తీసి ఏర్పేడు కాడ పారేసినారు."

బ్యాండు ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే ఆగాలా అది?

"దిష్టి తీసి పారేసినావా?" మామ అడిగినాడు. "ఏంటికి?"

"అది... మంత్రించి కట్టింది అనుకున్నా మామా."

"ఎవరు మంత్రించినారని?"

నేను నోరు తెరవలేదు. ఒట్టు, తెరవలేదు. కానీ నా కళ్ళు ఉన్నాయి చూడండి, దరిద్రపు కళ్ళు, అవి వాటంతట అవే పోయి దిలీప్ మీద వాలినాయి. మామ కళ్ళు నా కళ్ళ వెనకే పోయినాయి. తర్వాత హరి కళ్ళు. అయ్యవారివి కూడా. వీడియో కెమెరా కూడా తిరిగింది. ఆ నిమిషంలో భూమి చీలితే నేను కారుతో సహా లోపలికి పోయుండేవాణ్ణి.

దిలీప్ ఒక క్షణం అర్థంకాక చూసినాడు. తర్వాత అర్థమైంది. కోపం తెచ్చుకుంటాడేమో, రెండు మాటలు అంటాడేమో, అంటే నాకూ కొంచెం బాగుంటాదని ఎదురుచూసినా. వాడు పడీ పడీ నవ్వినాడు. నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకొని, జేబులోంచి తాళాల గుత్తి తీసినాడు.

"అన్నా, ఆ డబ్బా నాదే. నేను పెద్దది పెట్టించుకున్నప్పుడు సెల్వంకి ఇచ్చేసినా. నిన్న నీ కారు తీసినప్పుడే సౌండు విని గుర్తుపట్టినా. చెబితే నువ్వు బాధపడతావని చెప్పలేదు." గుత్తిలోంచి ఒక పాత తాళం ఏరి పట్టుకున్నాడు. "ఆ డబ్బాతో వచ్చిన రెండు తాళాల్లో ఒకటే ఆయనకి ఇచ్చినా. రెండోది నా కాడే ఉండిపోయింది. ఇప్పుడు తిప్పు."

వాడు ఆ తాళాన్ని నా తాళం పక్కన ఆనించి పట్టుకున్నాడు. నేను తిప్పినా. ఇంజను ఒక్క దెబ్బకి లేచింది. పట పట పట! జనం ఈలలు వేసినారు. బ్యాండు అందుకుంది. మామ దిలీప్ భుజం తట్టినాడు. నా భుజం కిటికీ లోపల ఉంది కాబట్టి అందలేదేమో అనుకొని, నేను భుజం కొంచెం బయటికి పెట్టినాను. తట్టలేదు.

అయినా ఫరవాలేదు, కదిలినాం కదా! పెళ్ళికొడుకు నా పక్కనే, స్టీరింగు నా చేతిలోనే. అట్ల పది అడుగులు పోయినాము. మెరవణి అంటే తెలుసు కదా, నడక కన్నా మెల్లగా పోవాలి. ఆ డబ్బా దౌడు తియ్యడానికి ట్యూన్ చేసింది. మెల్లగా పోనిస్తే దానికి అవమానం. దగ్గి, వణికి, ఆగిపోయింది. దిలీప్ పరిగెత్తుకొచ్చి తాళం ఆనించినాడు. స్టార్ట్ అయింది. ఇంకో పది అడుగులు, మళ్ళీ ఆగింది. మళ్ళీ దిలీప్ వంగినాడు. మళ్ళీ, మళ్ళీ. ఆ తాళం నా చేతికే ఇచ్చెయ్ అని అడిగే బుర్ర నాకప్పుడు లేదు. ప్రతిసారీ వాడు కిటికీలోంచి సగం లోపలికి దూరి నా ఒళ్ళో పడుకున్నట్టు వంగతా ఉంటే, ఫోటోగ్రాఫర్ "సార్, మీరు అడ్డం," అన్నాడు. ఎవరిని అన్నాడనుకున్నారు? నన్ను!

గాంధీ బొమ్మ కాడికి వచ్చేసరికి మామ ఓపిక అయిపోయింది. కిటికీలోంచి తల పెట్టి, చాలా మర్యాదగా, చాలా ప్రేమగా అన్నాడు. "అల్లుడూ, నువ్వు దిగప్పా. దిలీప్ కూర్చోనీ. తాళం ఆయన కాడ ఉండాది, క్లచ్ సంగతి కూడా ఆయనకే తెలుసు."

దిగినాను. ఇంకేం చేస్తా? దిలీప్ కూర్చున్నాడు. కూర్చుంటా "క్షమించన్నా," అన్నాడు, అది కూడా నిజంగానే అన్నాడు. ఆ డబ్బా వాడి కాలు గుర్తుపట్టినట్టు ఒక్కసారి కూడా ఆగలేదు. మల్లెపూల మధ్యలో వాడూ హరీ నవ్వుతా ఉండారు, వీడియో లైటు ఇద్దరి మొహాల మీద పడతా ఉండాది. నేను నా కారు వెనక, ఆడవాళ్ళ గుంపుకీ ఐస్‌క్రీం బండికీ మధ్యలో నడుస్తున్నా. మూల మలుపులో దిలీప్ జనం కోరిక మీద ఒక తూరి రేజ్ చేసినాడు. పట పట పట! నా తెల్ల పంచె మోకాళ్ళ దాకా మసి.

పెళ్ళికూతురి తరపు పెద్దాయన ఒకాయన నా పక్కనే నడుస్తా ఉండాడు. చెవులకి అడ్డంగా పెట్టుకున్న చేతులు తీసి, "కారు భలే ఉండాదప్పా! ఎవురిది?" అని అడిగినాడు.

నాదే అని చెబుదామని నోరు తెరిచినాను. తెరిచి, లెక్క వేసుకున్నాను. లోపలి మెదడు దిలీప్‌ది. తాళం దిలీప్‌ది. నడిపేది దిలీప్. నాదంటూ ఉన్నది రేకూ, రంగూ.

"మా తోడల్లుడిది," అన్నాను.

"ఓహో. మరి నీకు కారు లేదా?"

"లేదు పెద్దాయనా," అన్నాను, పంచె దులుపుకుంటా. "మాకు బస్సే సుఖం."